చిక్కుడు గింజ

రిఫాల పొద్దెక్కకముందే లాయంల నీళ్లు చల్లి
దుఖాన్ పక్కకు పోత.
దుఖాన్ అంటే అరబ్బీల పొగ.
పొగ రంగే. విత్తులు తీసేసిన గుర్రం, పదహారేండ్లది.

ఉచ్చ పోస్తుంటే చూడాలె.
ధార నిటారుగ పడుతున్నదా, చీలుతున్నదా,
ఆగి ఆగి ఒస్తున్నదా,
ఎనక కాళ్లు ఎడం చేసి మూలుగుతున్నదా.
సగం పని చూసుడే.

ఒచ్చిన కొత్తల తల తిప్పుకునేటోణ్ణి.
మెట్‌పల్లిల బర్రె కడుపులకెల్లి
అడ్డం తిరిగిన దూడను గుంజిన చెయ్యి ఇది.
అయినా అక్కడికి పోవాలంటే ముడుసుకునేది.

నాకన్న ముందటోడూ గంతేనట.
రెండేండ్లు ఒళ్లు మెరిసేటట్టు తోమిండు,
జూలుకు నూనె పెట్టిండు,
పొట్ట కింద చెయ్యి పెట్టలే.
గుర్రం నడక చెడింది.
జీను మంచిగ లేదన్నరు. మార్చిన్రు.
నాడాలు మంచిగ లెవ్వన్నరు. అవీ మార్చిన్రు.

ఆఖరికి ఇద్రీస్ చాచా, సూడాన్ ఆయన,
భుజం కాడ నిలబడి ఎడమ చెయ్యి ఈపు మీద ఆనిచ్చిండు.
తన్నేముందు ఈపు చెప్తదట.
గోరువెచ్చని నీళ్లల్ల దూది తడిపి
మడత మడత తుడుసుకుంట పోయి
కొన కాడి గుంటలకెల్లి వేలితోని
ఒక బూడిద రంగు గడ్డ తీసిండు.
సరిగ్గ చిక్కుడు గింజంత.
నా అరచేతిల పెట్టి అన్నడు:
"గింత దానికి రెండు జీన్లు."

సబ్బు వద్దు. దాని జిడ్డు దానికి కావాలె.
చూసుడు రోజూ, కడుగుడు ఎన్నడో ఒకపారి.
వాపో, పుండో, ఈగలు ముసిరినా
డాక్టర్ షేమాకు ఫోన్ కొట్టాలె.
ఈ రంగు గుర్రాలకు వయసు మీద పడితే
నల్ల గడ్డలు లేస్తయట, తోక కింద, తొడల సందున.
వేళ్లతోని ఎతుకుత.
నోటుబుక్కుల తారీకు ఏసి "మంచిగుంది" అని రాస్త.

ఏం పని అని లచ్చవ్వ ఫోన్ల అడిగేది.
గుర్రాన్ని కడుగుతున్న అనేటోణ్ణి.
ఏడ కడుగుతున్ననో పదకొండు నెలలు చెప్పలే.
మొన్న చెప్పిన. నవ్వుతదనుకున్న.
కొంచెంసేపు సప్పుడు లేదు.
"మరి నీ ఉచ్చల మంట తగ్గిందా?"

ఎండకాలంల ఒక్కపారి నోరు జారిన మాట.
యాదిపెట్టుకున్నది.
తగ్గలే.
రూముల ఎనిమిదిమందిమి, ఒక్కనికీ తెల్వదు.
రాత్రి బకెట్ బోర్లేసి దాని మీద కూసుంట,
నడుము పట్టుకొని, నల్లా ఇప్పి పెట్టి,
మూలుగు ఇనబడొద్దని.

ఇయ్యాల శుక్రారం.
దుఖాన్ ఉచ్చ పోసింది. ధార నిటారు. రాసిన.
దాని కింద వరసల నా పేరు రాసిన,
తారీకు ఏసిన,
పక్కన ఏం రాయాల్నో తెల్వక పెన్ను పట్టుకొనే నిలబడ్డ.

ఇద్రీస్ చాచా నా భుజం మీదికెల్లి చూసిండు.
ఏం అనలే.
పోయి పికప్ స్టార్ట్ చేసిండు.