మినిస్ట్రో

మా నది పేరు సాదు.
ఆ ఒడ్డునే పుట్టినా
ఆ పేరులోని గుణం వాడికి చుక్కైనా అంటలేదు.

సెతూబల్ చేపల సంత వెనక, మంచుపెట్టెల సందులో
నాకు దొరికాడు. నిజానికి నేనే వాడికి దొరికాను.
తడి తోకతో నా మంగలికొట్టులోకి నడిచొచ్చి
రెండో కుర్చీ ఎక్కాడు.
పదకొండేళ్ళు దిగలేదు.

అడక్కుండా తీసుకుంటాడు,
పట్టుబడితే నిద్రపోతున్నానంటాడు.
అందుకే మా ఎవుఫ్రాజియా
మినిస్ట్రో అని పేరు పెట్టింది.
మంత్రిగారు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు.
వీడు తెరిచే తాగేవాడు,
మా కళ్ళలోకి చూస్తూ,
ఇంకాస్త పొయ్యమన్నట్టు.
పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు.
క్రిస్మస్ ముందు రోజు
దూలానికి వేలాడదీసిన ఎండు కాడ్ చేప
తెల్లారేసరికి తోక మాత్రం మిగిలి నేలమీదుంది.
పైన తాడు కొస ఊగుతోంది.
శపించాడో, కొరికాడో,
ఆ రాత్రి పండగకి
బంగాళాదుంపలూ కాబేజీ తిన్నాం.

ఫాదర్ అన్సెల్ము గడ్డానికి నురగ పట్టించి
కత్తి నూరుతున్నానా,
ఒళ్ళోకి దూకి గోళ్ళు దింపాడు.
పదిహేనేళ్ళుగా ప్రతి ఆదివారం ఆయన మాటలు వింటున్నాను,
అలాంటివి కూడా ఆయనకు వచ్చని
ఆ రోజే తెలిసింది.

అద్దం ముందు అత్తరు సీసాల్ని
ఒక్కొక్కటే అంచుదాకా జరిపి
పడ్డాక వంగి చూసేవాడు,
భూమి ఇవాళ కూడా పనిచేస్తోందా లేదా అని.

పక్కింటి జుల్మీరా
సార్డీన్ల బుట్టకి మూత పెట్టింది.
మూతమీద పలక పెట్టింది.
పలకమీద రాయి పెట్టింది.
అయినా సాయంత్రానికల్లా మా గుమ్మంలో
చేతులు నడుముకి పెట్టుకుని నిలబడేది.
దొంగ వెధవ, దొంగ వెధవ, అంటూ
చూపు మాత్రం నా మీద.

ఎవుఫ్రాజియా మంచం పట్టిన చలికాలం
సూది తీసిన డాక్టర్ని కరిచాడు.
సూప్ తెచ్చిన ఆడపడుచునీ కరిచాడు.
మంచంలో నా వైపంతా తనే పరుచుకుంటే
రెండు నెలలు నేను కుర్చీలో పడుకున్నాను.
అంత్యక్రియల పొద్దున
నాకున్న ఒకే ఒక్క నల్ల కోటుమీద పడుకుని
లేవనన్నాడు. బతిమాలాను, తిట్టాను, చివరికి లాగాను.
కోటునిండా తెల్ల వెంట్రుకలు.
దారిలో ఎవరో దులపబోయారు.
ఉండనీ అన్నాను.

ఆ తర్వాత మూడేళ్ళకు, మార్చిలో,
రెండో కుర్చీలోనే.
ఒక్క సీసా కూడా పడెయ్యకుండా.
పుట్టి బుద్ధెరిగి వాడు చేసిన
ఒకే ఒక్క మర్యాద పని.
మిగతావన్నీ క్షమించాను గానీ
అది ఇంకా కాలేదు.

కొత్త గిరాకీ రెండో కుర్చీ వైపు నడిస్తే
విరిగిందంటాను.
విరగలేదని ఊరందరికీ తెలుసు.

మొన్న మధ్యాహ్నం పెరట్లోకి చూస్తే
జుల్మీరా బుట్టమీద
మూత, పలక, రాయి, అన్నీ అలాగే ఉన్నాయి.
ఎవరికోసమమ్మా ఈ కాపలా?
గోడ దాటాను. డెబ్బై ఒక్కేళ్ళ మోకాళ్ళు.
రాయి తీశాను, పలక తీశాను,
మూత తీసి ఒక్క సార్డీన్,
ఒక్కటంటే ఒక్కటే,
తోక పట్టి పైకెత్తానో లేదో

"మినిస్ట్రో! దొంగ వెధవా!"

కిటికీలోంచి, చీపురు ఎత్తి,
అలవాటుగా అరిచింది.
అరిచి, నన్ను చూసింది.
చీపురు దించడం మర్చిపోయింది.

నేను మాత్రం ఏం చెయ్యను,
చేప నోట కరుచుకుని
గోడెక్కాను.