ఏ ఒడ్డు ఎడమ

గొట్టా బ్యారేజీ దిగువన
గేట్లు తిప్పే లష్కరు మా నాన్న తవిటయ్య.
నేను డిగ్రీ పరీక్షకి బట్టీ పడుతుంటే
"ఎడం పచ్చమంటే ఏటమ్మా, కుడి పచ్చమంటే ఏటి?" అన్నాడు.

పుస్తకంలో ఉన్నది చదివాను:
ఎక్కడో పరాయి దేశంలో, ఎప్పటిదో సభలో
కుర్చీకి ఎడమన కూచున్నవాళ్ళు,
కుడిన కూచున్నవాళ్ళు.
నాన్న చుట్ట నలిపి పక్కన పెట్టాడు.
"మరి కుర్చీ అటు తిప్పేస్తే?"

వంశధారకి ఎడమ కాలువుంది, కుడి కాలువుంది.
ఏరు పోయే దిక్కుకి మొహం పెట్టి నిలబడితేనే
ఆ పేర్లు సరి.
ఒడిశా కొండలకేసి తిరిగావా,
ఎడమ కుడైపోతుంది.
నీళ్ళకి ఆ గొడవే తెలీదు.

ఆ ఏడు వానల్లేవు. శివారు మళ్ళు నెర్రెలిచ్చాయి.
కూర్మారావు మావ ముప్పైమందిని వెంటేసుకొచ్చి
గేటు ముందు గోనెలు పరిచి కూచున్నాడు.
"ఆకరి మడి ముందు తడవాల.
తలకాడ మూడో తడి, తోకకాడ ఒక్క తడీ నేదు.
దీన్ని కాలవంటారేటి?"

గవరయ్య పెదనాయన సైకిలు దిగలేదు,
ఒక కాలు గట్టు మీద ఆనించి అన్నాడు:
"ఏటేటా పూడిక తీసిన వంతులివి.
మా తాత పలుగు పట్టిన బోదె ఇది.
ఇయ్యాల తాళం ఇరగ్గొడితే
రేపు గేటే ఉండదు.
అప్పుడు శివారుకి ఏటి పంపుతావు, ఉపన్యాసమా?"

చెప్పడం మరిచాను:
కూర్మారావు మావ మడి మొదటి తూము కిందే.
నాచు పట్టేంత తడి.
గవరయ్య పెదనాయనది ఆ చివర,
ఎద్దు కాలు దిగబడేంత నెర్రె.

ఎవరి పొలం ఎక్కడుందో చూసి
వాళ్ళ మాట ముందే చెప్పేయొచ్చనుకునేదాన్ని.

ఆ రాత్రి నాన్న లాంతరు తీసుకెళ్ళి
నాలుగు చుట్లు తిప్పాడు.
ఐదోది తిప్పలేదు. ఎందుకో అడగలేదు.
పొద్దున్న పెదనాయన తడిసిన మడిగట్టు మీద నిలబడి
వంతు తప్పిందని ఇంకా తిడుతూనే ఉన్నాడు,
ఒక చేత్తో గండి పూడుస్తూ.

మూడో రోజు ఆఫీసు నుంచి మెమో.
అనుమతి లేకుండా గేటు ఎత్తినందుకు సంజాయిషీ.
"ఎండిపోతందని ఎత్తాను, అనే రాయమ్మా."
నేను "పొరపాటున" అని రాశాను.
చదవలేక సంతకం పెట్టాడు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, ఎనిమిది మార్కులకి.
కుర్చీల గురించి రాశాను.
ఏడు వేశారు.