నిలకడ

మే మూడోవారం. విన్నిపెగ్ సరస్సు ఒడ్డున
ఆఖరి మంచు పగిలిన పింగాణీలా కుప్పపడి ఉంది.
పడవని ట్రెయిలరు మీదే ముక్కు కాస్త పైకెత్తి నిలిపాను,
ట్యాంకులో ఉన్నదంతా వెనక మూలకి దిగాలని.

ముందు బ్యాటరీ తీగలు ఊడదీశాను.
సిగరెట్టు వెలిగించబోతున్న పక్కింటి సిగ్వాల్డిని
ఒక్క కేకతో కంచె అవతలికి తరిమాను.
గొట్టానికి నోరుపెట్టి పీల్చే రోజులు పోయాయి.
మా పెదనాన్న అలాగే ఒకసారి గుటక మింగి
వారమంతా ఏం తిన్నా పడవనే తిన్నట్టుందన్నాడు.
నాకు చేతిపంపు ఉంది. ఎర్ర రబ్బరు బుడ్డి.
పిసికితే మొదట గాలి,
తరవాత దగ్గు,
తరవాత ధార.

అది పెట్రోలు వాసన కాదు.
మూసిపెట్టిన బడి బల్లల వార్నిష్ వాసన.
రెండేళ్ళనాటి సరుకు మరి. పారబొయ్యడానికి మనసొప్పక
దాని నెత్తినే కొత్తది పోస్తూ వచ్చాను.
పట్టింది థోరా ఊరగాయ సీసాల్లో.
మూతల మీద ఆవిడ చేతిరాత: బీట్‌రూట్, ఆగస్టు.
అడక్కుండా తెచ్చాను. సాయంత్రానికి ఎలాగూ తెలుస్తుంది.

ఇక కదపకూడదు.
బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, ఊరుకోవాలి.
నాకు చేతకాని పని అదొక్కటే.

కాసేపటికి సీసా మధ్యలో ఒక గీత పుట్టింది.
పైన టీ రంగు. కింద నీళ్ళు, మూడోవంతు నీళ్ళు!
ఆ నీళ్ళ అడుగున గసగసాలంత తుప్పు.

నిజం నిలకడ మీద తేలుతుందంటారు.
నా సీసాలో అది మునిగింది.

కిందటి అక్టోబరు, బ్లాక్ ఐలండ్ అవతల,
వలల్నిండా చేపలు, ఉత్తరపు గాలి. ఇంజను ఆగింది.
ఆర్మాండ్ తాడు లాగాడు, లాగాడు,
అరచేతులు చీరుకుపోయేదాకా లాగాడు.
ప్లగ్గులు సరిగ్గా బిగించలేదు నువ్వు, అన్నాను.
తెడ్లేసుకుంటూ నాలుగు గంటలు, అదే మాట.
రేవులో అందరూ చూస్తుండగా కూలి లెక్కకట్టి
ఇక రావద్దన్నాను.
డబ్బు లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకున్నాడు.

లేచి వెళ్ళి ట్యాంకు మూత తిప్పాను.
లోపలి రబ్బరు చుట్టు, చలికాలం పెదవిలా,
ఒకచోట పగిలింది. రెండేళ్ళ వాన దారి అదే.
ఆ మూత బిగించేది నేనే.
ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

ముప్ఫై ఒక్క లీటరు తేలింది.
పాత నూనెలూ విషాలూ తీసుకునే కేంద్రం
శనివారం ఒక్కరోజే తెరుస్తారు.
అక్కడి పిల్ల కాగితం మీద రాసుకుంది:
నీళ్ళు కలిసిన పెట్రోలు, ముప్ఫై లీటర్లు.
కారణం అనే గడి ఆ కాగితంలో లేదు. బతికాను.

ఒక్క లీటరు ఇవ్వలేదు.

తువ్వాలు చుట్టి, పక్క సీటులో బెల్టు పెట్టి,
పైన్ డాక్ దాకా గంటసేపు కంకర రోడ్డు.
ఆర్మాండ్ గుమ్మంలో తువ్వాలు విప్పేసరికి
అంతా కలిసిపోయి మడ్డి.
గీత లేదు, నీళ్ళు లేవు, నా సాక్ష్యం లేదు.
తేరుకోవాలి, అన్నాను.
సీసా గురించే అన్నాను.

మెట్టు మీద పెట్టి చెరోపక్కా కూర్చున్నాం.
అతని కుక్క వచ్చి వాసన చూసి తుమ్మి పోయింది.
ఎవరం మాట్లాడలేదు. దాన్ని కదపకూడదు కదా.

గీత మళ్ళీ వచ్చింది, నెమ్మదిగా, వంకరగా.
అతను వంగి చూశాడు, చాలాసేపు.
"ఆ మూత రబ్బరు చూడమని ఆగస్టులో చెప్పాను, ఐనార్."
"విన్లేదు."
"కొత్తది వేశావా?"
"వేశాను."
తలూపాడు. లేచి తలుపు తెరిచాడు.
సీసా ఇక్కడే ఉంచనా, అని అడిగాను.

"వద్దు," అన్నాడు. "అది నీది.
శనివారం దాకా నీ దగ్గరే ఉంచుకో."