పిడికెడు

ఎసరు పెట్టినప్పుడల్లా
చేటలకెల్లి ఒక పిడికెడు తీసి
తలుపెనుక గురిగిల ఏసుడు,
మా అత్త యెస్తేరమ్మ నేర్పిన లెక్క అది.
నెలకోసారి, మొదటి ఆదివారం,
పర్వతగిరి చర్చి వరండాల
నేనే తూకం పట్టేదాన్ని.
దొడ్డు బియ్యం, సన్న బియ్యం, కంట్రోల్ బియ్యం
అన్నీ ఒక్క సంచిలనే కలిసేటియి.
వరంగల్ల సేటు
ఆ కల్తీకి రేటు తగ్గించేటోడు.

ఆ పైసలతోనే మా ప్రకాశవతి
మందులపెట్టె పట్టుకొని మలావీ పోయింది.
అదెక్కడుందని
మ్యాపు ముందట నిలబడ్డం అందరం.
పాస్టరు వేలు పెట్టిన కాడ
బల్లి గుడ్డంత లేదు.

ఒకప్పుడు దొరసానులు
కచ్చురం బండ్లల్ల మా వాడకొచ్చి
మా అత్త తల్లికి పురుడు పోసిండ్రట.
ఇప్పుడు మన పిల్ల పోతాందని
ముసలోళ్లు ఏడ్సుడో నవ్వుడో
తెలవకుండ చేసిండ్రు.

ఫోన్ల ఆమె గొంతు వచ్చేది:
"వదినా, ఈడ కూడ మక్క గట్కనే.
న్సీమ అంటరు. ముద్ద చేసి
కూరల అద్దుకుంటరు మనలెక్కనే.
బోధ చెయ్యనీకి వచ్చిన గని
పొద్దంత నేర్చుకునుడే అయితాంది,
నెత్తి మీది బిందె తొణకకుండ నడుసుడు,
చచ్చినోళ్లింట్ల
ఏం మాట్లాడకుండ కూసునుడు."

కమిటీ పెద్దమనిషి అడిగిండు:
ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నరు?
లెక్క పంపమను.
పంపింది.
కాన్పులు రెండొందల పదకొండు.
పోయిన తల్లులు ముగ్గురు:
చిసోమో, ఎస్నత్, తమందాని.
మిగిలిన లెక్క పైనాయనకే తెలుసు.
పెద్దమనిషి అద్దాలు తీసి తుడుసుకున్నడు.
మళ్ల అడగలే.

ఒక మాట నేను ఎవ్వలకు చెప్పలే.
పత్తిని గులాబి పురుగు తిన్న ఏడు
గురిగిల చెయ్యి పెట్టి
ఏసింది వెనక్కి తీసుకున్న. ఒక్కసారి కాదు.
మూడు నెలలు తూకంల తక్కువొచ్చింది
నా ఇంటిదే.
ఆడ ఏం తక్కువైందో,
కిరసనాయిలో, సూదిమందో.
ఎస్నత్ పోయింది ఆ నెలల్నేనా?
తారీఖు అడుగుదామంటే నోరు రాలే.

ఐదేండ్లకు కాజీపేట స్టేషన్ల దిగింది.
మలేరియా నమిలిన ఒళ్లు. రెండు సంచులు.
ఒకదాంట్ల బట్టలు. ఇంకోదాంట్ల
పూల గుడ్డల మూటకట్టిన తెల్లటి పిండి.
"ఎయిర్‌పోర్టుల ఆపిండ్రు, ఈ పొడి ఏందని.
గట్క పిండి అంటే నమ్మలే,
నోట్లె ఏసుకొని చూపెట్టిన."

ఆడి ఆడోళ్లు ఇచ్చిండ్రట.
వండినప్పుడల్లా
ఒక పిడికెడు తీసి పెట్టిండ్రట,
నిన్ను పంపిన ఆ వదినలకు, అని.
వాన లేని ఏడు కూడ.

ఆ మాట కాడ నేను లేచి
నీళ్ల కోసమన్నట్టు
వంటింట్లకు పోయిన.

చర్చి వెనుక కట్టెల పొయ్యి మీద
గట్క వండినం. ఉండలు కట్టింది.
ఉప్పెక్కువైందని రాహేలు,
ఉప్పే లేదని సారమ్మ
కొట్లాట పెట్టుకున్నరు.
ప్రకాశవతి మొదటి ముద్ద
నా చేతిల పెట్టి
"జికోమో" అన్నది.
అంటే ఏందని అడగలే.
అరచెయ్యి కాలుతాంటే
పిడికిలి మూయాల్నో
తెరవాల్నో
తెలవలే.