మడమ

మెస్తియాలో మార్చి అంటే ఇంకా మంచే.
బల్ల అంచున త్సియురి కాళ్ళు:
రెండు జతల ఉన్ని మేజోళ్ళు, వాటి మీద పోయిన మొగుడివి మరో జత.
విప్పడానికే పది నిమిషాలు పట్టింది.

"చలి" అంది.
పొయ్యి పక్కన కూర్చున్నా చలే అంది.
బొంగురుగా, అడుగంటిన బావిలోంచి
చేదుకొచ్చినట్టుంది ఆ గొంతు.

డిసెంబరులోనూ ఇదే మాట చెప్పింది నాకు.
అప్పుడు నేను నల్ల శాలువా చూశాను,
దాని లోపలి మనిషిని చూడలేదు.
మొగుడు పోయి నలభై రోజులైనా దాటలేదు,
దిగులన్నాను, నిద్రమాత్ర రాశాను.
దుఃఖమంత సులువైన రోగనిర్ణయం లేదు.
ఏ పరీక్షా అడగదు. ఎవరూ కాదనరు.

కొడుకు జుంబేర్ గుమ్మంలో టోపీ నలుపుతూ
"అమ్మ ఎవర్నీ తిట్టడం లేదు డాక్టర్.
రొట్టె మాడినా, ఆవు కంచె దూకినా
ఊఁ అంటుంది, అంతే" అన్నాడు.
వయసు కదా అని తనే సర్దుకున్నాడు.

నేను సర్దుకోలేకపోయాను.
కనుబొమల చివరలు రాలిపోయి ఉన్నాయి.
ముంజేతి చర్మం పొట్టు లేస్తోంది.
నాడి నిమిషానికి యాభై రెండు,
తొందరేముందన్నట్టు.

కుర్చీ మీద మోకాళ్ళూనించి
పాదాలు గాల్లోకి వదిలెయ్యమన్నాను.
"ప్రార్థన ఎవరికి?" అంది.
రబ్బరు సుత్తితో మడమ వెనక ఒక చిన్న దెబ్బ.
పాదం చటుక్కున కదిలింది.
తిరిగి రావడం మాత్రం
దారిలో ఎవరో పలకరిస్తే ఆగి,
చుట్టం క్షేమం కనుక్కుని, మళ్ళీ బయల్దేరినట్టు
మెల్లగా
మెల్లమెల్లగా.
రెండోసారీ అంతే.
నా చదువులో అది ఒక్క వాక్యం.
ఇక్కడ అరవైతొమ్మిదేళ్ళ పాదం.

నెత్తురు చీజు బుట్టల మధ్య కూర్చుని
వ్యానులో జుగ్దిది వెళ్ళింది.
నాలుగో రోజు ఫోనులో అంకె చెప్పారు.
నేను రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను.
మెడలో గుప్పెడైనా లేని థైరాయిడ్
ఎప్పుడో కొలిమి ఆర్పేసింది,
ఒళ్ళంతా చల్లారింది.

పాతిక మైక్రోగ్రాములతో మొదలు.
గుండె పాతది, ఉలిక్కిపడేలా లేపకూడదు.
పరగడుపున, ఉత్త నీళ్ళతో.
గంటదాకా కాఫీ వద్దు, చీజు రొట్టె వద్దు.
"గంటా!" అంది. రోగం మొత్తంలో
ఆమెకి కష్టమనిపించింది అదొక్కటే.

నిద్రమాత్రలు ఆపెయ్యమన్నాను.
డిసెంబరు తప్పు నాదని చెప్పాను.
మేజోళ్ళు తొడుక్కుంటూ, పై జత దగ్గర ఆగి
"దిగులూ ఉంది" అంది.
"అదీ అబద్ధం కాదు."

ఏడు వారాలకి కోడలు మ్జెవినార్ వెంట వచ్చింది.
అత్తని బయట బెంచీ మీద కూర్చోబెట్టి
తలుపు దగ్గరగా వేసి
గుక్కతిప్పుకోకుండా చెప్పింది:
వెల్లుల్లి ఉప్పు నాకు దంచడం రాదట,
దూడని కట్టే ముడి అలాగేనా అట,
నిన్న పక్కింటికి వినబడింది డాక్టర్!

నవ్వు ఆపుకుని కాగితం తీశాను.
ఇంకో రక్తపరీక్ష చెయ్యాలి,
మందు కొంచెం పెంచాలేమో అన్నాను.

"ఇంకా పెంచుతారా?" అంది మ్జెవినార్.