పదిహేడు గీతలు

కాశీబుగ్గలో రెండో ఆట.
తెర మీద నిర్దోషి బోనులో నిలబడి అరుస్తున్నాడు.
అతని వకీలు బల్ల గుద్దితే హాలు దద్దరిల్లుతోంది.
మా వరసలో ముగ్గురం:
బమ్మిడి లోకనాథం, అతని భార్య డిల్లమ్మ,
వాళ్ళ కేసు కాగితాలకు ట్యాగు కట్టిన
ప్లీడరు గుమాస్తాని, నేను.

సోంపేట కోర్టులో బల్ల గుద్దినవాణ్ణి
ఇంతవరకూ చూళ్ళేదు నేను.
అక్కడ ఫ్యానొక్కటే గట్టిగా మాట్లాడుతుంది.
బంట్రోతు వరండాలోకొచ్చి మూడుసార్లు పిలుస్తాడు,
లోపల ఎవరో తారీఖు చెబుతారు,
డైరీలో రాసుకుంటాను.
అలా రాసుకున్నవి నూట నలభై రెండు.
సినిమావాళ్ళు నాలుగు క్యాలెండరు కాగితాలు
గాలికెగరేసి తేల్చేశారు.

ఇంటర్వెల్లో దీపాలు వెలిగాయి.
జనం సమోసాలకి లేచారు.
లోకనాథం లేవలేదు.
“రా, టీ తాగుదాం” అన్నాకే లేచాడు.
చొక్కా గుండీలు సరిచూసుకుని
నా వెనకే నడిచాడు,
నేనాగితే ఆగుతూ.

జరిగింది ఇదీ.
జీడిబట్టీ సేటు ఇనప్పెట్టె పగిలింది,
కాపలా ముసలాయన పోయాడు.
పెట్టె మీద ఒక బొటనవేలి ముద్ర.
పదిహేడు గీతలు, అచ్చేసినంత తేటగా.
అది లోకనాథానిదేనని
నిపుణుడొకాయన సంతకం పెట్టాడు.
యావజ్జీవం పడింది.
డిల్లమ్మ నెలకోసారి ప్యాసింజరెక్కి
విశాఖ జైలుకెళ్ళి
పది నిమిషాలు జాలీలోంచి చూసి
ఆ రాత్రికే పలాసలో దిగేది.
తెల్లారితే మళ్ళీ పిక్కలు.

ఆరో ఏడు, రేషను డిపోలో
మిషను మీద వేలు పెట్టింది.
చీరకి తుడిచి పెట్టింది.
ఉమ్మి తడి చేసి పెట్టింది.
పడలేదు.
డీలరు విసుక్కుని రేపు రమ్మన్నాడు.
ఇంటికెళ్ళలేదామె.
ఖాళీ సంచి చంకలో పెట్టుకుని
తిన్నగా మా ఆఫీసు మెట్లెక్కింది.

“బావూ, జీడిరసం నా ఏళ్ళు తినేసింది,
మిషనుకి ఆనడం నేదు.
నాకంటే ఎనిమిదేళ్ళు ముందునుంచీ
పిక్కలు కొట్టినోడు మా ఇంటోడు.
ఆడి ఏలు ఆ పెట్టికెలాగ ఆనింది?”

ప్లీడరుగారు కళ్ళజోడు తీసి కింద పెట్టారు.
అడుగు అరలోంచి కట్ట దింపాను.
అరెస్టు నాడు ఠాణాలో తీసిన ముద్రలు, పది వేళ్ళవీ.
పది నల్ల మచ్చలు.
గీతన్నది లేదు.
ఆ కాగితానికి చిల్లు పొడిచింది నేను.
దారం దూర్చింది నేను.
ముడేసింది కూడా.

ఆ మచ్చలు హైకోర్టు దాకా నడవడానికి
ఇంకో మూడేళ్ళు పట్టింది.
తీర్పులో నిర్దోషి అన్న మాట కోసం వెతికాను.
సంశయలబ్ధి కింద విడుదల, అని ఉంది.
తెలుగు చేసి వినిపిస్తే
“అయితే ఆళ్ళకింకా సంశయం ఉందేటి?” అంది డిల్లమ్మ.
అన్నిటికీ నా దగ్గర ఒక ఫారం ఉంటుంది.
దానికి లేదు.

తెర మీద ఇప్పుడు వాన, జైలు గేటు, కౌగిలి.
హాలంతా ఈలలు.
డిల్లమ్మ నిద్రపోయింది,
మొగుడి భుజం మీద నోరు తెరుచుకుని.
అతను సినిమా చూడ్డం లేదు.
తెర వెలుగులో
తన బొటనవేలు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

తొమ్మిదేళ్ళు రసం తగల్లేదు కదా,
గీతలు మళ్ళీ మొలిచాయి.
మొన్న డిపోలో మిషను మొదటిసారికే కూసి
లోకనాథం అని పేరు చూపించింది.
“నీ ఏలు బంగారం” అని డీలరు నవ్వాడట.

సోమవారం నుంచి బట్టీలో పనికెళ్తున్నాడు.
మేస్త్రీ రబ్బరు తొడుగులు ఇవ్వబోతే
వద్దన్నాడట.