కూతకి ముందు దగ్గు

ఏటుకూరు రోడ్డులో పాత పొగాకు ఫ్యాక్టరీకి
సున్నం వేసి, ఫ్యాన్లు బిగించి
గేటు మీద మ్యూజియం అని రాయించారు.
లోపల అట్టముక్కల మీద రాసింది మాత్రం నేనే.
ముక్కకి నలభై రూపాయలు,
ముప్పై మాటలు దాటకూడదు.

నా రాత చూపిద్దామని
ఆదివారం ప్రార్థన అయ్యాక
రాహేలమ్మ పెద్దమ్మని ఆటోలో తీసుకెళ్లాను.
ఆమెకి చదువు రాదు.
టికెట్ ఇరవై అంటే
"ఇరవై ఆరేళ్లు ఈ గేట్లోంచే వచ్చా,
అప్పుడు వాళ్లే నాకిచ్చేవాళ్లు గదరా డబ్బులు" అంది.
వాచ్‌మన్ నవ్వాడు. టికెట్ మాత్రం చింపాడు.

మొదటి గది నిండా బడిపిల్లలు.
గాలిలో తేలే బంతి, తిప్పితే వెలిగే బల్బు,
వంకర అద్దంలో సాగిపోయిన వాళ్ల లెక్కల మాస్టారు.
పెద్దమ్మ అద్దం ముందు కాసేపాగి
"ఇందులో దానికి నడుం నొప్పి ఉన్నట్టే లేదు" అని
ముందుకి నడిచింది.

రెండో గదిలో ఆకు ఆరబెట్టే యంత్రం.
గొలుసులకి నల్లరంగు, చక్రాలకి ఎర్రరంగు.
గొంతు సవరించుకుని చదివాను:
పొడవు తొంభై అడుగులు,
గంటకి మూడు టన్నుల ఆకు,
ఆవిరితో పనిచేయును.
ఆమె నాలుగు మూలలా చూసి అడిగింది,
"బల్లలేవిరా?"
ఏ బల్లలు?
"మేం కూచునేవి. రెండొందల మందిమి.
నిమ్మపండు రంగు ఆకు ఇటు, నారింజ రంగు అటు,
మచ్చాకు కాళ్ల కింద.
మేం ఏరి పెడితేనే గదా ఇది తినేది!"

కర్రవి కదా.
ఏ చలికాలమో ఎవరి పొయ్యిలోకో పోయుంటాయి.
ఇనుము మిగిలింది.

వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది.
చింతపండు పిప్పితో ఎంత రుద్దినా
మొదటి నాలుగు ముద్దలూ చేదేనట.
ఐదో ముద్ద నుంచి అన్నమట.
ఇది నా ముప్పై మాటల్లో లేదు.

చివరి గదిలో, గాజుపెట్టెలో, కూత.
మూరెడు ఇత్తడి గొట్టం. ఇంతేనా అనిపిస్తుంది.
ఒకప్పుడు చుట్టుగుంట దాకా వినపడేది.
దానికే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు,
గడియారమున్న ఇళ్లు కూడా
దాన్ని విని ముల్లు సరిచేసుకునేవి.
పక్కన పచ్చ బటన్: నొక్కి వినండి.

ఒక పిల్లాడు నొక్కాడు.
స్పీకర్లోంచి నున్నగా, తిన్నగా లేచింది.
పెద్దమ్మ కదల్లేదు.
"ఇది మనది కాదు."

నిజమే. ఎక్కడిదో రికార్డింగ్.
ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం.

"మనది ముందు దగ్గేది."
కొంగు బిగించి, అరచెయ్యి నోటి పక్కన పెట్టి
డెబ్బై ఏడేళ్ల ఛాతీలోంచి
ఒక గరగర,
ఆవిరి అందక తుప్పురేకు కొట్టుకున్నట్టు.
ఆగి, ఇంకొకటి.
అప్పుడు లేచింది
కూత.

చప్పట్లకి చేతులెత్తిన పిల్లలు అలాగే ఆగారు.
వాచ్‌మన్ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.
వాళ్లమ్మది ఆరో వరస బల్లట, తర్వాత చెప్పాడు.

"ఆ రెండు దగ్గుల మధ్యే ఉరికేవాళ్లం.
దగ్గుతుంటే గేటు ఇంకా తీసున్నట్టు.
కూత లేచిందా,
పూట కూలి పోయినట్టు.
కడుపుతో ఉండి కూడా ఉరికా, మీ అన్న అప్పుడు లోపలే ఉన్నాడు."

రాత్రి కొత్త అట్టముక్క ముందేసుకుని కూచున్నాను.
కూత, ఇత్తడి, దాకా వచ్చింది.
ఆ దగ్గుకి ఏ అక్షరం?
గకి రావత్తు పెట్టి చూశాను,
హకి పొల్లు పెట్టి చూశాను,
కొట్టేశాను.

పక్కగదిలో పెద్దమ్మ
నిద్రలో ఒకసారి దగ్గింది.
ఆగి, ఇంకోసారి.

పెన్ను పడేసి లేచి నిలబడ్డాను,
ఎటు ఉరకాలో తెలీక.